తోమాసు ఆగిన ఇళ్లు

తోమాసుకు కాలు నిలవదని బోథ్ పక్కనున్న ఆ చిన్న ఊళ్లో అందరికీ తెలుసు. పత్తి ఏరే రోజుల్లో తెల్లవారగానే ఇల్లిల్లూ తిరిగి కూలీలను చేలకు తోలుకుపోయే మేస్త్రీ ఆయన. ఆదివారం చర్చిలోనూ అంతే, ప్రసంగం అయ్యేలోపు లేచి బయటకు పోయి వస్తూనే ఉంటాడు.

అలాంటి మనిషికి నాలుగు గడపలు దాటేసరికి కుడి పిక్క పట్టేయడం మొదలైంది. ఆగితే తగ్గుతుంది, నడిస్తే మళ్లీ వస్తుంది. సంగతి బయటపడితే మేస్త్రీ పని ఇంకొకరికి పోతుందని ఆయన భయం. అందుకే నొప్పి వచ్చిన చోటల్లా ఆగి, బీడీ ముట్టించి, ముచ్చటలోకి దిగేవాడు. తన తెలివికి తానే మురిసిపోయేవాడు కూడా.

బీడీలకు కరువేమీ లేదు. భార్య సంతోషమ్మ చాట ఒళ్లో పెట్టుకుని చుట్టేది అవే. వంకరపోయినవి కార్ఖానావాళ్లు తీసుకోరు, పారేయడానికి ఆమెకు మనసొప్పదు. కట్ట కట్టి మొగుడి జేబులో పెట్టేది. ఆమె ప్రేమ అలాంటిది.

చలికాలం వచ్చాక ఆ కాలి పాదం చల్లబడిపోయింది. సంతోషమ్మ ఇటుక కాచి, గుడ్డలో చుట్టి కాలి కింద పెట్టింది. తన చెయ్యి చురుక్కుమంది గానీ ఆయనకు వేడి తగిలినట్టే లేదు. ఇటుక అవతల పడేసి, మర్నాడే నిర్మల్ బస్సెక్కించింది.

అక్కడ ఆస్పత్రిలో డాక్టర్ పద్మలత పాదం మీద నాడి వెతికింది. చేతికీ చీలమండకీ బీపీ చూసింది.

"కాలికి రక్తం తెచ్చే నాళాలు ఇరుకైనయి. కూసుంటే చాలుతది, నడిస్తే చాలదు. పిక్క గుంజేది అందుకే. గోలీలు రాస్త, స్కానింగ్ తీయిద్దాం. వేడి ఇటుకలు పెట్టొద్దు, కాలినా నీకు తెల్వది. రోజూ పాదం చూసుకో, చిన్న పుండైనా ఉరికి రా. బీడీ బంద్ చెయ్యాలె. చెయ్యకుంటే కాలు తీసెయ్యాల్సి రావొచ్చు."

"మరి నడక?" అన్నాడు తోమాసు.

"నడువు. నొస్తే ఆగు, తగ్గినంక మళ్ల నడువు. అదే మందు."

సంతోషమ్మ తన వేళ్ల వంక చూసుకుంది.

చుట్టడం మానితే ఇల్లు గడవదు. వంకర బీడీలను మాత్రం అప్పటికప్పుడే చించేయసాగింది. తోమాసుకు కాలు కాలిన పిల్లి బతుకైంది. లేస్తాడు, కూర్చుంటాడు, చాట వైపు చూస్తాడు. "ఒక్కటియ్యవే" అని బతిమాలితే, ఆమె ఏడుస్తూనే "నా చేతుల మీద నీ కాలు పోతే నేనెట్ల బతకాలె?" అంది.

మర్నాడు పొద్దున్నే కూలీలను పిలవడానికి బయలుదేరాడు. పత్తి ఏరే గంగుబాయి గడప దగ్గర పిక్క పట్టేసింది. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. బీడీలకు బదులు సంతోషమ్మ పోసిన పుట్నాలు తగిలాయి. ముట్టించడానికేమీ లేకపోయేసరికి ఆయనకు సాకు దొరకలేదు.

"కాలు గుంజుతున్నది గంగూ," అన్నాడు చివరికి. "జర ఆగనియ్యి. మేస్త్రీగా ఇంకొకల్ని చూసుకుంటరో ఏమో, మీ ఇష్టం."

గంగుబాయి సద్దిగిన్నె కింద పెట్టి పీట వేసింది.

"గిప్పుడు చెప్తున్నవా తోమాసన్నా? మాకు ఎప్పుడో ఎరుకే. పనికి పొద్దువోతున్నా మేము ఏదో ఒక ముచ్చట తీసి, నొప్పి తగ్గేదాంక నిన్ను నిలవెట్టింది ఎందుకనుకున్నవ్?"

తోమాసు పీట మీద కూర్చున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగితే తల వంచుకుని పుట్నాలు నమిలాడు.