మండని వేళ్ళు

షుగరు నా కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాలను పాడుచేసిందని డాక్టరు చెప్పిన రోజు, గుంటూరులో చిలకలూరిపేట బస్సెక్కాను. పక్కసీటులో మిరపకాయల తొడిమలు తీసే పెద్దావిడ కూర్చుంది. ఆమె చీర ఘాటుకు నేను తుమ్ముతూనే ఉన్నాను.

“చేతులు మండవా అమ్మా?” అని అడిగాను.

“ఒకప్పుడు మంటకి నిద్ర పట్టేది కాదయ్యా. షుగరొచ్చాక అసలు తెలీట్లా. అంతా ప్రభువు కృప,” అంది నవ్వుతూ.

ఆమె పాదాలు వాచి నిగనిగలాడుతున్నాయి.

“అలా మంట తెలీకపోవడం మంచిది కాదమ్మా. డాక్టరుకి చూపించుకోండి.”

“నొప్పే లేందే ఏమని చూపించుకోనయ్యా?”

నాకూ ఎక్కడా నొప్పి లేదు. ఆమె తన ఊళ్ళో దిగిపోయింది.

ఇప్పటికీ పచ్చడికి ఎండుమిరపకాయలు తుంచితే, వేళ్ళు మండేదాకా చెయ్యి కడుక్కోను.