ఒత్తుల మామయ్య దిద్దని పుస్తకం

మా అన్నయ్యకి ఒకటే జబ్బు. తప్పుగా రాసిన అక్షరం కంటబడితే దిద్దకుండా ఉండలేడు. ముప్ఫై రెండేళ్ళుగా ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్ను. ఒక పూట తిండి మానమంటే మానతాడు గానీ, ఒత్తు ఉండకూడని చోట ఒత్తు చూస్తే మాత్రం ఊరుకోడు. అందుకే మా వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన ఒత్తుల మామయ్య.

ఒకసారి పన్ను నొప్పితో దవడ గుమ్మడికాయంత వాచింది. నేనే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాల్చి డాక్టరు "నోరు తెరవండి" అన్నాడు. అన్నయ్య తెరవలేదు.

"బయట బోర్డు మీద 'పల్లు తీయబడును' అని ఉంది. పళ్ళు. 'ళ'కి 'ళ' ఒత్తు."

"అలాగేనండీ, ముందు నోరు..."

"ముందు బోర్డు."

కాంపౌండరు నిచ్చెన వేసుకుని బోర్డు దిద్దితే గానీ ఆ పన్ను ఊడలేదు.

మా వదినది మరో కథ. "పెళ్ళి కుదిరాక ప్రేమగా ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నా ఉత్తరమే తిరిగొచ్చింది. పదకొండు చోట్ల ఎర్ర సిరా. అడుగున 'భావం బాగుంది' అని ఒక్క ముక్క" అంటుంది.

"మరి ఎందుకు చేసుకున్నావు వదినా?"

"భావం బాగుందన్నాడు కదా!"

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మా పిచ్చుక మూడో తరగతిలోకి వచ్చేదాకా నేనూ నవ్వాను.

పిచ్చుకంటే మా అమ్మాయి. గుప్పెడంత మనిషి, బండెడు కబుర్లు. ఏదైనా ఒక్కసారి వింటే చాలు, నెల తర్వాత అడిగినా పొల్లుపోకుండా అప్పజెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు మూతపడుతుంది. 'పడవ' రాయమంటే 'వడప' రాస్తుంది. రోజూ బడి వేళకి కడుపునొప్పి. ఆ నొప్పికి ఆదివారం సెలవు.

ఒకరోజు ఉతకడానికి బట్టలు తీస్తుంటే, మాసిన బట్టల బుట్ట అడుగున దాని నోటుపుస్తకం దొరికింది. పేజీల నిండా ఎర్ర గీతలు. కింద టీచరు రాసింది: "నిర్లక్ష్యం." తర్వాతి పేజీలో: "మళ్ళీ నిర్లక్ష్యం."

"ఎందుకే దాచావు?"

"మామయ్య చూస్తాడని" అంది. "మామయ్య పెన్ను కూడా ఎర్రదే కదమ్మా."

అన్నయ్య ఉండేది మా పై వాటాలోనే. ఆ రోజు నుంచి ఇంట్లో మేమిద్దరం దొంగలమైపోయాం. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడితే చాలు, పుస్తకం బుట్టలోకి, బుట్ట మంచం కిందికి, పిచ్చుక బాత్రూంలోకి. ఒకసారి కంగారులో పుస్తకంతో పాటు నా చేతిలో గరిటె కూడా బుట్టలో పడేసి, పొయ్యి ముందు నిలబడి అరగంట గరిటె కోసం వెతికాను.

అలా ఉండగా బడి నుంచి కాగితం వచ్చింది. మా ఆయన బస్సు డ్రైవరు, ఆ వారం దూరపు రూటులో ఉన్నాడు. ఒక్కదాన్నే చదువుకున్నాను. మీ అమ్మాయి బాగా వెనకబడి ఉంది, శుక్రవారం వచ్చి మాట్లాడవలెను, ఈ బడిలో కొనసాగింపు గురించి ఆలోచించవలసి ఉంటుంది, సంతకం చేసిన ఈ కాగితం తిరిగి తీసుకురావలెను. 'కొనసాగింపు' దగ్గరే ఆగి మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడ వద్దంటే ఎక్కడికి తీసుకెళ్ళను? మొద్దు అని ఒకసారి పేరు పడితే ఆ పేరు ఎవరు తుడుస్తారు?

సరిగ్గా అప్పుడే అన్నయ్య లోపలికొచ్చి నా చేతిలో కాగితం లాక్కున్నాడు. పెన్ను మూత టక్కున ఊడింది.

"'విధ్యార్థిని'ట! విద్యకి ఆ ఒత్తు ఎక్కడిది? ఇదేమిటి, 'శ్రద్ద'? శ్రద్ధ రాయడానికే శ్రద్ధ లేదు!"

"అన్నయ్యా! అది బడికి తిరిగివ్వాల్సిన కాగితం!"

"ఇద్దాం. ఇప్పుడు ఇవ్వడానికి పనికొస్తుంది."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. నా ఏడుపు చూశాకే ఆయన కాగితంలో అక్షరాలు వదిలి విషయం చదివాడు. ముఖం మారిపోయింది.

"దాని పుస్తకాలు తే."

"ఏ పుస్తకాలు?"

"బుట్టలో ఉన్నవి. నేను వచ్చినప్పుడల్లా మంచం కిందికి బుట్ట పరిగెడుతుంటే నాకు తెలియదనుకున్నావా?"

బాత్రూం తలుపు సందులోంచి పిచ్చుక తల బయటికొచ్చింది. "మామయ్యా, కొడతావా?"

"కొట్టను."

"దిద్దుతావా?"

అన్నయ్య పెన్నుకి మూత పెట్టాడు. "దిద్దను" అన్నాడు. అది నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

పుస్తకాలు తీసుకుని పైకి వెళ్ళినవాడు, ప్రెస్సుకి సెలవు పెట్టి మూడు రోజులు కిందికి దిగలేదు. వదిన వచ్చి గుసగుసగా చెప్పింది. "పెన్ను మూత కూడా తియ్యలేదమ్మా. పెన్సిలుతో వేరే కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. అన్నానికి పిలిస్తే పలకడు. తప్పు కనపడి కూడా ఇలా ఉన్నాడంటే నాకు భయంగా ఉంది." అప్పటిదాకా నాకున్న భయం చాలదన్నట్టు ఆవిడ భయం కూడా నా నెత్తికెక్కింది.

శుక్రవారం అన్నయ్య నాతో బడికొచ్చాడు. హెడ్మిస్ట్రెస్ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గోడ మీద "నిశబ్దం పాటించండి" అని ఉంది. శ కింద ఇంకో శ లేదు. అన్నయ్య చెయ్యి మెల్లగా జేబు వైపు వెళ్ళింది. నేను మణికట్టు పట్టేసుకున్నాను.

"నీకు దణ్ణం పెడతాను అన్నయ్యా. ఇవాళొక్కరోజు."

ఇరవై నిమిషాలు ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆయన నుదుటి మీద చెమట, నా అరచేతిలో చెమట.

లోపల హెడ్మిస్ట్రెస్ కాగితం అడిగింది. ఇచ్చాను. విప్పి చూసింది. ఫాను కిర్రుకిర్రుమంటోంది.

"ఇది ఎవరు దిద్దారు?"

"నేనేనండీ. తొమ్మిది" అన్నాడు అన్నయ్య.

"ఏం తొమ్మిది?"

"తప్పులు."

అయిపోయింది, మా పిచ్చుక గూడు చెదిరింది అనుకున్నాను.

"ఇది రాసినవాళ్ళు నిర్లక్ష్యం మనుషులని నేననను. పని ఒత్తిడిలో రాసుంటారు. మా పిల్లని మాత్రం మీరు నిర్లక్ష్యం అన్నారు. నిజమో కాదో చూద్దామని దాని తప్పులు లెక్కపెట్టాను." అన్నయ్య బల్ల మీద దాని పుస్తకాలు, పెన్సిలుతో రాసిన కాగితాలు పరిచాడు. "మూడు నెలల పుస్తకాల్లో రెండు వందల పద్నాలుగు. నిర్లక్ష్యంగా రాసేవాళ్ళ తప్పులకి ఒకదానికీ ఒకదానికీ పొత్తు ఉండదమ్మా. ఇవి చూడండి, అన్నీ మూడే రకాలు. ఒకేలా కనిపించే అక్షరాలు తారుమారవుతాయి. ఒత్తు పక్క అక్షరానికి జరుగుతుంది. చూసి రాసేటప్పుడు ఒక వరస ఎగిరిపోతుంది. ఇక్కడ చూడండి, ఒకే మాట నాలుగుసార్లు చెరిపి రాసింది, కాగితం చిరిగింది. నిర్లక్ష్యమున్న పిల్ల చెరపదండీ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు దగ్గరికి లాక్కుంది. చాలాసేపు చూసింది.

"ఒక్కసారి దాన్ని పిలిచి ఈ చిరిగిన పేజీలో పాఠమే నోటితో అడగండి" అన్నాడు అన్నయ్య.

పిచ్చుక వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. మేఘాలు ఎలా పుడతాయని హెడ్మిస్ట్రెస్ అడిగితే, అది మామయ్య జేబు వైపు చూసింది. అన్నయ్య పెన్ను తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉంచండి." అప్పుడు దాని నోరు విచ్చుకుంది. సముద్రం నుంచి ఆవిరి, ఆవిరి నుంచి మేఘం, మేఘం నుంచి వాన, వాన నుంచి ఏరు, ఏటిలో కప్పలు, వాటి రకాలు... "చాలమ్మా, చాలు" అని ఆవిడే ఆపింది.

"నెలకోసారి ఒక నిపుణురాలు మా బడికి వస్తారు. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల్ని ఆవిడ పరీక్ష చేస్తారు. మీరు దరఖాస్తు ఇస్తే..."

మాట పూర్తికాకముందే అన్నయ్య జేబులోంచి దరఖాస్తు బయటికొచ్చింది. ఈ నిపుణురాలి సంగతి ముందే కనుక్కున్నాడట, నా సంతకం ఒక్కటే తక్కువ. కంగారులో సంతకం పెడితే నా పేరుకున్న దీర్ఘం ఎగిరిపోయింది. అన్నయ్య చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "పర్వాలేదు" అన్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "అన్ని తప్పులు చూసి నీ చెయ్యి ఎలా ఆగింది అన్నయ్యా?"

"ప్రెస్సులో ఇన్నేళ్ళుగా దిద్దుతున్నాను. ఈ తప్పు ఎవరిదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే వాడు భయపడతాడు. భయపడితే ఇంకో రెండు చేస్తాడు. నేను దిద్దితే మరొకళ్ళు వాణ్ణి తిట్టే అవసరం ఉండదు, అంతే" అన్నాడు. "ఇదేమో ఇప్పటికే భయపడి ఉంది."

నిపుణురాలు వచ్చేదాకా నెల రోజులు నా ప్రాణం నాది కాదు. ఆవిడ రెండు గంటలు పిచ్చుకని కూర్చోబెట్టుకుని, తెలివికేం లోటు లేదు, అక్షరాలు పోల్చుకోవడంలోనే ఇబ్బంది ఉంది, నేర్పే పద్ధతి వేరే ఉంది అని రాసిచ్చింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు వేరే టీచరు చెబుతుంది. పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపిస్తారు, అరగంట ఎక్కువ ఇస్తారు. అది ఇంకా తడుముకుంటూనే చదువుతుంది. డిక్టేషన్ ఉన్న రోజు కడుపునొప్పి ఇంకా వస్తుంది, నాకు కూడా.

మొన్నామధ్య పై వాటాలో కాలింగ్ బెల్లు పాడైతే, పిచ్చుక తనంతట తానే ఒక అట్టముక్క మీద రాసి తలుపుకి అంటించింది: "వావయ్య లోవల ఉన్నాడు. తలువు కొట్టండి."

ప్రెస్సు ఓనరు వచ్చి అది చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ఏమండీ, మీ తలుపు మీదే ఇన్ని తప్పులా!"

"నీకు అర్థమైందా?" అన్నాడు అన్నయ్య.

"అయింది."

"మరి లోపలికి రా."

బెల్లు బాగుచేయించి చాలా రోజులైంది. అట్టముక్క అక్కడే ఉంది. వీధిలో ఇప్పుడు ఆయన్ని ఒత్తుల మామయ్య అనేవాళ్ళే లేరు. అందరికీ వావయ్యే. అలా పిలిస్తే చక్కగా పలుకుతాడు కూడా.