సాహెబ్‌కి నీళ్లు ఇవ్వొద్దన్నాను!

మొన్న మా చాల్‌లో, అదే మా వరస గదుల బిల్డింగ్‌లో, నా పరువు ఎలా పోయి ఎలా తిరిగొచ్చిందో చెప్తా వినండి. ముందు ఆ చాయ్ కప్పులు కింద పెట్టండి, నవ్వితే ఒలుకుతుంది. ఇప్పుడంటే నేనూ నవ్వుతున్నా గానీ, ఆ రోజు ఈ ముంబై కామాటిపుర వదిలి పారిపోదామనుకున్నా!

మా నీళ్ల గోల మీకు తెలిసిందే. పొద్దున కాసేపు నల్లా వస్తుంది, అదీ కింది అంతస్తు దాకానే. మూడో అంతస్తు వాళ్లం బిందెలు మోసుకుంటూ ఎక్కాలి. మా పక్కింటి నర్సవ్వకి మోకాళ్లు అరిగిపోయాయి, అయినా ఆమె బిందె ఆమే మోసుకోవాలి. చూడలేకపోతున్నా. అందుకే మా తెలుగు చాల్, పక్క గల్లీ మరాఠీ మహిళా మండలి, నాగ్‌పాడా వర్క్‌షాపుల వాళ్లు, అందరం కలిసి సంయుక్త సమితి పెట్టుకున్నాం. కొత్త పైప్‌లైన్ వెయ్యండి, అంతే మా డిమాండ్.

నేనేమో ఆ మధ్య ఒక ట్రైనింగ్‌కి వెళ్లొచ్చా. ఉద్యమ కూటములకి కమ్యూనికేషన్స్ స్ట్రాటజీ అట! సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇంకేముంది, సమితి ప్రచారం నా నెత్తిన పెట్టారు. పెట్టడమేంటి, నేనే లాక్కున్నా!

ఇంతలో నీళ్ల ఆఫీసు సాహెబ్ స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని కబురు. ఆయన "అవసరం ఉంది" అని రాస్తేనే పైపు. లేదంటే అది ఇంకో ఏరియాకి పోతుంది, మా సంగతి మళ్లీ మొదటికే.

వెంటనే మీటింగ్ పెట్టి ఉపన్యాసం దంచా. "అందరిదీ ఒకటే మాట, ఒకటే దృశ్యం! మాట ఏంటంటే, ముందు నీళ్లు, తర్వాతే మాటలు. సందు దొరికినప్పుడల్లా అదే అనాలి. ఇక దృశ్యం. మూడో అంతస్తు గ్యాలరీ వరండా పొడవునా బోర్లించిన బిందెలు. సాహెబ్‌కి ఎవ్వరూ గుక్కెడు నీళ్లు ఇవ్వొద్దు!"

మహిళా మండలి శాలినీ తాయి, అదే శాలిని అక్క, ఆ మాటని అక్కడికక్కడే మరాఠీలోకి మార్చేసింది. వర్క్‌షాపుల రఫీక్ భాయ్ "ఏక్‌దమ్ బరాబర్!" అన్నాడు. నర్సవ్వ ఒక్కతే మొహం ముడుచుకుంది.

"గిదేం పద్ధతే పిల్లా? ఇంటికొచ్చినోనికి నీళ్లియ్యకుంట నిలవెడ్తమా?"

"ఒక్కరోజే అవ్వా. స్ట్రాటజీ."

"గదేందో మంచిగ లేదు."

నేను వింటానా? ఫొటో బాగా రావాలని, ఆ పొద్దున ఇంటింటికీ తిరిగి నిండు బిందెల నీళ్లతో బట్టలు ఉతికించేశా. తాగే నీళ్లు తప్ప చుక్క మిగల్లేదు. గ్యాలరీ చూసుకుని నాకు నేనే శభాష్ చెప్పుకున్నా.

సాహెబ్ వచ్చాడు. పెద్ద పొట్ట, ఎండలో వచ్చి మూడంతస్తులు ఎక్కేసరికి చొక్కా ముద్దయిపోయింది. గ్యాలరీ కటకటాలు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. నేను ఫోన్ తీసి ఫొటోకి రెడీ. అంతే, నర్సవ్వ ఇంట్లోంచి రంజన్ కుండలోని చల్లటి నీళ్లు చెంబుతో తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది!

"తాగు కొడ్కా. పానం వోయేటట్టున్నది."

గటగటా తాగేశాడు. నేను కళ్లతోనే ఉరిమా. అవ్వ అటు చూస్తే కదా!

అక్కడితో ఆగిందా? నర్సవ్వ ఇచ్చి తను ఇవ్వకపోతే ఎంత నామోషీ అని ఎదురింటావిడ మజ్జిగ తెచ్చింది. తెలుగువాళ్లింట్లో తాగి మండలిని చిన్నచూపు చూస్తారా అని శాలినీ తాయి కోకమ్ షర్బత్ కలిపింది. వర్క్‌షాపుల వాటా ఏదని రఫీక్ భాయ్ కింద కొట్టు నుంచి చాయ్ తెప్పించాడు. సంయుక్త సమితి కదా, ఎవరింట్లో తాగకపోయినా సమితి చీలిపోతుంది! "మా ఇంట్ల తాగలేదేంది సాబ్?" అని చేతులు పట్టుకుని లాగుతుంటే ఆ మనిషి మాత్రం కాదంటాడా?

చివరికి హాయిగా తేన్చి, "పానీ తో హై ఆప్ లోగోం కే పాస్!" అన్నాడు. నీళ్లున్నాయి కదా మీ దగ్గర, అని! పక్కనున్న అసిస్టెంట్‌తో "సరఫరా బాగానే ఉందని రాసుకో" అన్నాడు. వాడు రాసేశాడు కూడా. నర్సవ్వ మోకాళ్లే కళ్లముందు కనిపించాయి. ఏడుపొచ్చింది.

అప్పుడు సాహెబ్ మెల్లగా అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు. కాలు మీద కాలు మార్చాడు. నా చెవి దగ్గరికొచ్చి, "టాయ్‌లెట్ కిధర్ హై?" అన్నాడు.

గ్యాలరీ చివర చూపించా. గబగబా వెళ్లి తలుపేసుకున్నాడు. నల్లా తిప్పిన చప్పుడు, బుస్సుమని గాలి. తర్వాత లోపలి నుంచి చాలా చిన్న గొంతు.

"పానీ?"

అందరం పరుగు! రంజన్ ఖాళీ. డ్రమ్ములు ఖాళీ. మజ్జిగలకీ షర్బతులకీ ఉన్నవన్నీ అయిపోయాయి. ఇక బిందెలంటారా, అవి నా దయవల్ల వరసగా బోర్లా పడుకుని ఉన్నాయి! రఫీక్ భాయ్ బకెట్ పట్టుకుని కిందికి ఉరికాడు.

ఈలోపు శాలినీ తాయికి నా పాఠం గుర్తొచ్చింది. సందు దొరికినప్పుడల్లా అనమన్నానుగా! తలుపు దగ్గర నిలబడి ఖంగుమంది.

"సాహెబ్! ఆధీ పాణీ, మగ్ గోష్టీ!"

నర్సవ్వ అందుకుంది. "ముందుగాల నీళ్లు, అటెన్కనే మాటలు!"

గ్యాలరీ అంతా అదే మాట. నేను సిగ్గుతో చచ్చిపోతున్నా. అప్పుడు లోపలి నుంచి సాహెబ్, మనస్ఫూర్తిగా, "హో హో, ఆధీ పాణీ! ఆధీ పాణీ!" అన్నాడు. అవునవును, ముందు నీళ్లే, అని!

రఫీక్ భాయ్ చాయ్ కొట్టువాణ్ని బతిమాలి అర బకెట్ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. సాహెబ్ బయటికొచ్చాక ఎవరి మొహమూ చూడలేదు. అసిస్టెంట్ చేతిలో కాగితం లాక్కుని ఆ వాక్యం తనే కొట్టేసి, "అత్యవసరం" అని రాశాడు. నాకు ఒక్కసారిగా ఊపిరొచ్చింది. నర్సవ్వని కావలించుకుని బావురుమన్నా.

ఇప్పుడు మా గల్లీలో పైపు కోసం తవ్వుతున్నారు. ఆ దుమ్ముకి దగ్గొస్తున్నా హాయిగా ఉంది. నిన్న వెనక గల్లీ వాళ్లు నా దగ్గరికొచ్చి, "తాయీ, మాకూ స్ట్రాటజీ నేర్పవా?" అని అడిగారు. నేను సర్టిఫికెట్ తియ్యబోతుంటే నర్సవ్వ అడ్డం పడింది.

"గా పిల్లనేమడుగుతరు? సాబుకు కడుపునిండ తాపియ్యుండ్రి. గంతే."

"మరి ఈమె ఏం చేసింది?" అన్నారు వాళ్లు.

అవ్వ నావైపు చూసి, "ఏందోనే... పొద్దుగాల బట్టలుతికిచ్చింది" అంది.