అక్షింతలు పడే వైపు

గట్టిమేళం చెవిన పడితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. మొన్న పటాన్‌చెరులో ఒక ఫంక్షన్ హాలు ముందు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడూ అంతే. వెంటనే యాదగిరి సార్ గుర్తొచ్చారు. సంగారెడ్డిలో పెళ్లి సినిమాలు తీసేవారు. నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే.

పంతులుగారి మీద కూడా పెత్తనం చేసే కెమెరావాళ్లను చాలామందిని చూశాను. ఈయన వేరు. పెళ్లికి ముందురోజు ఉత్తచేతులతో ఆ ఇంటికి వెళ్లి, చాయ్ తాగుతూ ఓ మూల కూర్చునేవారు. అక్కడేం చూస్తారని అడిగితే, "ఎవరు ఎవరి దిక్కు సూస్తున్రో సూస్త బిడ్డా" అనేవారు. నాకు నవ్వొచ్చేది.

కొండాపూర్ దగ్గర ఒక పెళ్లి. పెళ్లికూతురు స్వప్న ఒక్కగానొక్క కూతురు. తండ్రి బొల్లారంలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి, మాట మహా ముక్తసరి. వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్రబెల్లం పెట్టుకునే ఘడియను తీయడం నా పని. మేళం మోగగానే కంగారుపడి, అప్పటికే నడుస్తున్న కెమెరా బటన్ మళ్లీ నొక్కి ఆపేశాను. సంగతి తెలిసేసరికి అంతా అయిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. "మళ్లీ ఒక్కసారి పెట్టిద్దాం సార్" అని బతిమాలాను.

"ముహూర్తం మళ్ల వస్తదా? పెండ్లి మనకోసం జరుగుతలేదు" అన్నారు. నేరుగా ఆ తండ్రి దగ్గరికి వెళ్లి, "తప్పు నాది. ఆ ఘడియ రికార్డు కాలే" అని చెప్పేశారు. వినగానే ఆ తండ్రి ముఖం వాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సమయంలో సార్ చేతిలోని రెండో కెమెరా జంట వైపు లేదు, చుట్టూ ఉన్నవాళ్ల వైపు ఉంది. అందుకే సినిమాలో మేళం మోగుతుంటే ఆ ముఖాలే కనిపించాయి. కూతురి వెనకే నిలబడి, అక్షింతలు వేయడం మరిచిపోయి, గుప్పిట బిగించి ఏడుస్తున్న తండ్రి. సినిమా చూస్తున్న స్వప్న తెరకు దగ్గరగా జరిగింది. "మా నాయన ఏడ్సిండా? నా ఎనుకనే ఉన్నడు, నేను సూడనే లేదు" అంది. ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

నా పెళ్లి సినిమా సార్‌నే తీయమన్నాను. వచ్చారు, కెమెరా లేకుండా. "ఇయ్యాల సూడనీకే వచ్చిన" అన్నారు. ఆయన బదులు సినిమా తీసిన అమ్మాయి కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే కాబట్టి, ఆ ఘడియలో కెమెరాను జనం వైపు తిప్పింది. మూడో వరుసలో కళ్లు తుడుచుకుంటూ యాదగిరి సార్.

ఆయన పోయి రెండేళ్లయింది. ఆ సినిమా పెట్టుకున్నప్పుడల్లా నన్ను నేను చూసుకోను.