తనిఖీ ఫారంలో ఫ్రిజ్ ఒకటి

2021 ఆగస్టు 8, ఆదివారం, ఉదయం పది గంటలు. సూరత్‌లోని పర్వత్ పాటియాలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మా నేతకారుల సంఘం హాలు. హాజరు: అధ్యక్షుడు, సొంత సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్న సేటు. కోశాధికారి, చీరల దుకాణం యజమాని. కార్యదర్శిగా నేను. స్కాలర్‌షిప్ అడిగిన అమ్మాయిలు ఇద్దరు, ఒకే గల్లీలో ఎదురెదురు ఇళ్లవాళ్లు. వాళ్ల తండ్రులిద్దరు, సేటు కార్ఖానాలో సాంచెలు నడిపేవాళ్లు. అందరికీ మాస్కులు. కిటికీలు తెరిచి ఉన్నాయి.

ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. మిగతాది రాయడానికి చేయి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఒక రంగుల మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యాను. లెక్కల గుమాస్తాను ఇక్కడ మెహతాజీ అంటారు, అందుకే మావాళ్లంతా నన్ను అలాగే పిలుస్తారు, పిల్లలు తాత అంటారు. సంఘం ఏటా ఒకే ఒక్కరికి కాలేజీ మొదటి ఏడాది ఫీజు కడుతుంది. మార్కులుండాలి, పేదరికం ఉండాలి. మార్కులు కాగితం మీద కనిపిస్తాయి. పేదరికం చూడడానికి చెప్పకుండా ఇంటికి వెళ్లి తనిఖీ చేయాలని నియమం పెట్టింది నేనే. ఫారం తయారు చేసింది కూడా నేనే. ఫ్రిజ్ గాని, బండి గాని ఉంటే ఆ ఇల్లు వరుసలో వెనక్కి పోతుంది. సామాను దాచినట్టు తేలితే దాచమని ఇచ్చినవాళ్లకూ, తమ ఇంట్లో పెట్టుకున్నవాళ్లకూ ఐదేళ్లు ఏమీ ఇవ్వకూడదు.

చెప్పకుండా వెళ్తామని మేమనుకునేవాళ్లం. గల్లీకి ముందే తెలిసిపోయేది. తనిఖీ ఉన్న ఇంటి సామాను ఎదురింటికి పోయేది, సాయంత్రానికి తిరిగి వచ్చేది. మర్నాడు ఎదురింటి వంతు వస్తే ఆ సామాను ఇటు వచ్చేది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. నేను రోజుకు ఒక్క ఇల్లే చూసేవాణ్ని కాబట్టి ఎవరికీ నష్టం రాలేదు, నా ఫారాలు శుభ్రంగా ఉండేవి.

ఆ ఇద్దరిలో ఎక్కువ మార్కులున్న అమ్మాయి జూలైలో ఆల్థాన్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. మూడు కాలేజీలు, ఒక్కోదానికి నాలుగు గడులు.

"ఫీజు ఎంతనో కాదు తాతా, మాఫీ పోయినంక ఎంత మిగుల్తదో గది చూడాలె కదా."

"నీకెవరు చెప్పిండ్రు?"

"మీరే. నిరుడు జూమ్‌ల చెప్పిండ్రు. సౌండ్ రాలే గని, బోర్డు కనపడ్డది."

గడులన్నీ సరిగ్గా నింపింది. తెలంగాణలో ప్రభుత్వం ఫీజు ఇస్తుందని తండ్రి ఆశపడ్డాడు, కాని ఈమె చదువంతా సూరత్‌లో కాబట్టి అక్కడ స్థానికురాలు కాదు. ఇక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు తండ్రి ఆదాయానికి కాగితం కావాలి. సాంచెల కార్ఖానాలో జీతం చేతికిస్తారు గాని కాగితం ఇవ్వరు. ఫీజు తక్కువుండే ఎయిడెడ్ కాలేజీ జాబితాలో ఆమె పేరు రాలేదు. ఆ ఏడాది పన్నెండో తరగతి పరీక్షలు రద్దయి అందరినీ పాస్ చేశారు, జాబితాల నిండా తొంభైలే. హాస్టల్ కట్టాల్సిన ఇంకో దాన్ని తనే కొట్టేసింది. ఇక మిగిలింది ఊరి బయట, కామ్‌రేజ్ అవతల ఉన్న ప్రైవేటు కాలేజీ. సొంతంగా పరీక్ష పెట్టి, మంచి మార్కులొచ్చినవాళ్లకు సగం ఫీజు మాఫీ చేసింది. ఈమెకు మాఫీ వచ్చింది. కంప్యూటర్ డిగ్రీ. మిగతా సగం ఆగస్టు తొమ్మిది, సోమవారం మధ్యాహ్నం పన్నెండులోపు కట్టాలి. అది సంఘం కడితేనే.

గురువారం తనిఖీకి వెళ్లాను. కరోనా భయానికి, రెండుసార్లు అంత దూరం తిరగడం ఎందుకని, రెండు ఇళ్లూ ఒకేరోజు చూద్దామని నేనే నిర్ణయించాను. ఎవరికీ చెప్పలేదు. గల్లీకి ఎప్పటిలాగే ఎదురింటి వంతు సంగతి మాత్రమే తెలిసింది. కోశాధికారి నాతో వచ్చాడు గాని గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు.

ముందు ఎదురింటికి వెళ్లాను. గోడ పక్కన నేల మీద నాలుగు పలకల మచ్చ, చుట్టూ దుమ్ము. ఫ్రిజ్ లేదని రాశాను. అక్కడినుంచి నాలుగడుగులు వేసి ఈ అమ్మాయి గుమ్మంలో నిలబడ్డాను. తల్లి మొహం పాలిపోయింది. తలుపు వెనక నీలం ఫ్రిజ్, వైరు చుట్టి పైన పెట్టి ఉంది. పిడి విరిగితే చీర జరీ అంచుతో కట్టారు. ఆ కట్టు నేను చూసిందే. కరోనాకు ముందు ఎదురింటి పెద్దమ్మాయి స్కాలర్‌షిప్ అడిగినప్పుడు, ఆ ఫ్రిజ్ దాచలేదు, దానివల్లనే కాదన్నాం. ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. జరీ అంచు సంగతి నా చేతిరాతలోనే ఉంది.

ఫారంలో మాత్రం 'ఫ్రిజ్ ఒకటి' అని రాశాను.

ఆదివారం మీటింగులో సేటు మొదట ఈ అమ్మాయి మార్కుల కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎనభై తొమ్మిది. పరీక్షనే లేకపాయె, గీ మార్కులు ఏడికెళ్లి వచ్చినయ్? కరోనా మార్కులు. మా డ్రైవర్ కొడుకు సుత పాసైండు, వాడు బడి మొహమే చూడలే."

"పదోదాంట్ల పరీక్ష రాసిన సేట్. అండ్ల సుత నేనే ఫస్ట్," అంది అమ్మాయి.

"మాట మాత్రం జోరుగున్నది," అని కోశాధికారి నవ్వాడు.

తర్వాత ఆమె తండ్రి లేచాడు. బిడ్డ ముందే నిలబడి 'నాతోని కాదు, సంఘమే చదివియ్యాలె' అని గట్టిగా చెప్పాలని మా దగ్గర ఆనవాయితీ. అతను మాస్కు లోపలినుంచి చెప్పాడు. వినబడలేదని సేటు మళ్లీ చెప్పించాడు. తర్వాత నన్ను ఫారం చదవమన్నాడు.

"కిరాయి గది ఒకటి. పంకాలు రెండు. టీవీ లేదు. బండి లేదు. ఫ్రిజ్ ఒకటి."

"ఫ్రిజ్ ఉన్నదా?" సేటు కుర్చీలో వెనక్కి వాలాడు. "చల్లటి నీళ్లు తాగొచ్చి నాతోని కాదంటే ఎట్లరా? మొన్న అడ్వాన్సు కావాలని ఏడిస్తివి. ఫ్రిజ్‌లకు మామిడిపండ్లు తెచ్చుకునేటందుకా?"

అమ్మాయి లేచింది.

"అది మాది కాదు సేట్."

"మరెవరిది? నడుసుకుంట వచ్చిందా?" అన్నాడు కోశాధికారి.

"ఎదురింటోళ్లది. తాతకు ఎరుకే. ఆళ్ల అక్క స్కాలర్‌షిప్ అడిగినప్పుడు తాత వచ్చి దాన్ని చూసిండు. నేను ఆడనే ఉన్న, తాతకు మంచినీళ్లు ఇచ్చింది నేనే."

ఎదురింటాయన మాస్కును కళ్ల కిందిదాకా లాక్కున్నాడు. ఆయన కూతురు నేలవైపు చూస్తోంది. ఆ ఏప్రిల్‌లో ఈ అమ్మాయి తండ్రికి ఊపిరి ఆడకపోతే, గల్లీ చివరిదాకా భుజం మీద మోసుకెళ్లి, ఆసుపత్రి బయట మూడు రోజులు కూర్చుని పడక ఇప్పించింది ఆ ఎదురింటాయనే. ఇంటివాళ్లే దగ్గరికి రావడానికి జంకిన రోజులవి.

"కూసో," అన్నాడు తండ్రి. "పెద్దలముంగట అబద్ధమాడకు. ఫ్రిజ్ మాదే సేట్. సెకండ్ హ్యాండ్‌ల కొన్న."

"బాపూ..."

"మాదే అని చెప్తున్న గదా."

సేటు నావైపు తిరిగాడు. "ఏంది మెహతాజీ, పోరి నీ పేరు చెప్తున్నది. ఎవరిదో నీకెరుకనా?"

చెప్పవచ్చు. చెబితే నా నియమం ప్రకారం ఇద్దరికీ ఐదేళ్లు తలుపు మూసుకుంటుంది, దానికంటే ఒక్కరికైనా దక్కడం మేలు అని ఆ క్షణంలో అనుకున్నాను. ఈ మాట చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ నియమం రాసింది నేను, దాన్ని సడలించమని అడగగలిగేదీ నేనే. కాని నోరు తెరిస్తే ఇన్నేళ్ల నా తనిఖీలు ఎంత ఉత్తవో బయటపడేది. సేటు నవ్వేవాడు. ఆ నవ్వుకు భయపడ్డాను.

"ఎవరిదని రాసేటందుకు ఫారంల గడి లేదు," అన్నాను. "ఇంట్ల ఉన్నది రాసిన."

"గంతే కదా," అన్నాడు సేటు. కాగితం బల్లమీద పడేశాడు. "చదువు తర్వాత చూద్దాం గని, ముందుగాల పోరికి నిజం చెప్పుడు నేర్పు. ఎదురింటోళ్ల మీద పెడ్తున్నది, సిగ్గుండాలె."

తండ్రి తల ఊపాడు. అమ్మాయి నన్నే చూస్తూ నిలబడింది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను కలం తీసి ఎదురింటి అమ్మాయి పేరు ఎదుట 'మంజూరు' అని రాశాను. ముగ్గురం సంతకాలు చేశాం. ఎదురింటాయన అందరికీ దండం పెట్టాడు. ఈ తండ్రికి కూడా పెట్టాడు. అతను కూడా తిరిగి పెట్టాడు. పదకొండున్నరకు మీటింగు ముగిసింది.

మర్నాడు సోమవారం ఉదయం, డ్యూటీకి పోయే ముందు, తండ్రీ కూతుళ్లు మా ఫ్లాటుకు వచ్చారు. మేము అసలు మార్కుల మెమోలే తీసుకుని ఉంచుకుంటాం, జిరాక్సులు ఒప్పుకోం. అది కూడా నా పద్ధతే. ఫైలు తీసిచ్చాను.

"ప్రైవేటుగ బీకాం కట్టిస్త మెహతాజీ," అన్నాడు తండ్రి. "ఇంట్లనే చదువుకుంటది, చీరలకు స్టోన్లు అంటించుకుంట." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "నిన్న పెద్దమనిషి మీద మాటేసినవు. కాళ్లు మొక్కు. తప్పయిందని చెప్పు."

ఆమె కదల్లేదు. "చెప్పు బిడ్డా," అన్నాడు మళ్లీ, ఈసారి మెల్లగా. అతని గొంతులో కోపం లేదు. తప్పు ఎవరిదో నాకు తెలుసని అతనికి తెలుసు. అయినా సంఘంలో రేపు ఇంకేదైనా అవసరం పడుతుంది, నాతో మంచిగా ఉండాలి.

అమ్మాయి ఫైలు గోడకు ఆనించి పెట్టి, వంగి, నా కాళ్లు ముట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"తప్పయింది తాతా."

ఇన్నేళ్లుగా ఎవరు మొక్కినా నా నోటినుంచి వచ్చే మాట ఒకటే. అదే వచ్చింది. "మంచిగ చదువుకో బిడ్డా," అన్నాను.

రిజిస్టరు చాపాను. కాగితాలు ముట్టినట్టు సంతకం పెట్టి, టైం కూడా వెయ్యమన్నాను. ఎనిమిదీ పది అని వేసింది. కాలేజీ గడువు పన్నెండింటి వరకు ఉంది.