ముందుగాల పట్టు

హుస్సేనీ ఆలంల మా గల్లిల ఉండే అక్క, మేమందరం బాజీ అంటం, బడిల లెక్కలు చెప్తది. నాకంటె పదేండ్లు పెద్ద. "కుస్తీ క్లాసుకు ఒక్కదాన్నే పోబుద్ధి అయితలేదు, నువ్వు గూడ రా" అన్నది. సరే అని పోయిన. గట్ల మొదలైంది నా జియుజిట్సు.

పొద్దుగాల ఆమె స్కూటీ మీద మలక్‌పేట పోతుంటిమి. ఒక దుకాణం మీది అంతస్తుల ఆడోళ్ల క్లాసు. గుద్దుడు, తన్నుడు ఉండదు అందుల. పరుపుల మీద ఒకలనొకలు పట్టుకొని, కిందేసి, కదలకుంట అదిమిపెట్టుడే. ఇగ నాతోని కాదనుకున్నోళ్లు చేత్తోని రెండుసార్లు తడ్తరు, అవుతలోళ్లు విడిచిపెడ్తరు.

నాకు కింద పండుకునుడే మంచిగ అనిపిస్తుండె. మోచేతులు పక్కలకు అదుముకొని, గదువ ఛాతికి ఆనిచ్చి, బాజీ బరువు మోసుకుంట కిటికీ దిక్కు చూస్తుంటి. ఎండల సన్నటి దుమ్ము తేలుతుండె. రోడ్డు మీది హారన్లు నీళ్ల అడుగుకెల్లి ఇనవడ్డట్టుండె. నా ఊపిరేదో, ఆమె ఊపిరేదో తెల్వకపోతుండె. నేను గెల్వకపోయేదాన్ని, కానీ నాతోని తట్టిచ్చుడు ఎవ్వరితోని కాకపోయేది. రెండేండ్లు గదే నా గొప్ప.

ఒకనాడు బాజీ మధ్యలనే లేచి కూసున్నది. చెమట తుడుచుకుంట అడిగింది.

"ఇప్పుడు నువ్వేం చేద్దామనుకున్నవ్?"

"మీరేం చేస్తరో చూద్దామని..."

"అది నా ముచ్చట. నీ ముచ్చట ఏంది?"

నేర్పే మేడమ్ ఇన్నది. దగ్గరకొచ్చి మెల్లగ చెప్పింది: "ఓ నెల దినాలు ఓడిపో. ఫికర్ చెయ్యకు. కానీ ముందుగాల పట్టు నీదే ఉండాలె. ఏం చేస్తవో పట్టకముందే అనుకో."

ఇంటికొస్తుంటే మూసీ మీద మంచు ఇంకా ఇడువలే. వంతెన సగం కనవడ్తలేదు. బాజీ ఎనక కూసొని ఆలోచన చేసిన. కూర ఏం వండాలెనో ఇంట్ల అందర్నీ అడుగుత. నాకేది తినబుద్ధైతదో నన్ను నేను అడిగింది ఒక్కసారి గూడ యాదికి రాలే.

ఆ నెల మస్తు తట్టిన. ముందు పట్టబోయి మెడ ఇచ్చుకున్న, కాలు లేపబోయి నడుము ఇచ్చుకున్న. రెండేండ్ల గొప్ప వారంల పోయింది. ఒకనాడు బట్టలు మార్చుకునే కాడ గోడ దిక్కు తిరిగి ఏడ్చిన.

తర్వాత ఒక పొద్దు, కింద పండుకొనే బాజీ అంగీ కాలరు, చెయ్యంచు నేనే ముందు దొరకవట్టిన. ఎడమకు తోద్దామనుకున్న. తోసిన. ఆమె చెయ్యి ఆనిచ్చి ఆపింది. ఆపుతదని ముందే అనుకున్న గనుక, అటు ఇడిచి కుడికి దొర్లిచ్చిన. గది మెల్లగ తిరిగింది. పైకప్పు పోయి పరుపు వచ్చింది, పరుపు మీద బాజీ మొఖం. పైకెల్లి ఆ మొఖం చూసుడు నాకు అదే మొదలు. ఆమె నవ్వుతున్నది.

"ఇగ ఇప్పుడు?" అన్నది.

"తెల్వదు బాజీ."

తెల్వదనే లోపల్నే నన్ను తిప్పేసింది. ఇంకో నిమిషానికి తట్టిన. చెయ్యి తడ్తుంటె నాకూ నవ్వొచ్చింది.

ఇప్పటికి గూడ మా ఇద్దరిల ఎక్కువ ఓడేది నేనే. కానీ ఎదురెదురుగ మోకాళ్ల మీద కూసున్నప్పుడు, మేడమ్ మొదలువెట్టుమనే దాక ఉండే ఆ నాలుగు ఊపిర్ల సందు నాకు మస్తు ఇష్టం. అండ్ల నేనేదో ఒకటి కోరుకుంట. అయిననాడు అయితది, కానినాడు కాదు.