ప్రమీలారాణి గారి మామిడి తోటలు

జగ్గయ్యపేటలో మా పచ్చళ్ల ఫ్యాక్టరీకి మామిడికాయ కొనే పని ఇరవై రెండేళ్లు ప్రమీలారాణి గారే చూశారు. ఆమె ఊరు నందిగామ. రోజూ ఎనిమిది గంటల బస్సుకు వచ్చేవారు. ముక్కలు కొట్టే పనిలో చేరి, కాయను చేత్తో పట్టుకుని పులుపు చెప్పగలిగే స్థాయికి వచ్చాక, ఓనరు భవానీప్రసాద్ గారు కొనుగోలు మొత్తం ఆమెకే అప్పగించారు.

ఆమె పద్ధతి వేరు. చెట్లు పిందె మీద ఉండగానే, కొనేదేమీ లేని రోజుల్లో తోటలు తిరిగేవారు. రైతు ఇంట్లో మజ్జిగ తాగి, పిల్లల చదువులు అడిగి వచ్చేసేవారు. లోడులో సగం బాగోకపోతే ఊరికే తిప్పి పంపేవారు కాదు. రైతును కత్తిపీట దగ్గర కూర్చోబెట్టి, కాయ కోసి, టెంక ముదరని చోటు వేలితో చూపించేవారు. జి.కొండూరు రైతు రామకోటేశ్వరరావు గారు మొదట్లో అలా కోపంగా కూర్చున్నవారే. ఆ తర్వాత పదిహేనేళ్లు ఆయన కాయ మా ఫ్యాక్టరీ తప్ప మరో గుమ్మం తొక్కలేదు.

నేను ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే పరీక్షల గదిలో పనికి చేరిన ఏడాది, మే నెల. రాత్రి ఈదురుగాలి వీచింది. పొద్దున్నే రామకోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ప్రమీలారాణి గారు నా పక్కనే ఉన్నారు, మాటలు నాకూ వినపడ్డాయి.

"అమ్మాయ్, బండి పంపమాక. కాయంతా నేలమీదుంది."

"మంచివి ఏరితే రావా బాబాయ్ గారూ?"

"పైకి బాగానే కనపడుద్ది. దెబ్బ లోపలుంటది. రెండు నెలలకి ముక్క మెత్తబడితే మాట పడేది నువ్వు."

పంటంతా పోయిన మనిషి చెబుతున్న మాట అది. ఆమె ఫోన్ పెట్టేశారు. ఈలోగా భవానీప్రసాద్ గారు వచ్చారు.

"ముక్కలు కొట్టేవాళ్లు నలభైమంది వచ్చి కూర్చున్నారమ్మా. ఏజెంటు దగ్గర కాయ సిద్ధంగా ఉందంట."

"అదీ రాత్రి గాలికి రాలిన కాయేనండి. నాకు ఒక్కరోజు ఇవ్వండి," అన్నారామె.

నన్ను వెంటబెట్టుకుని జీపులో బయల్దేరారు. పరిటాల మీదుగా జి.కొండూరు చేరాం. తోటలో అడుగు పెట్టగానే పచ్చి వాసన గుప్పుమంది. నేలంతా కాయలే. రామకోటేశ్వరరావు గారు గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆమె వెళ్లి పక్కనే కూర్చున్నారు. కాయ సంగతి ఎత్తలేదు.

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నారా?" అని మాత్రం అడిగారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె తన టిఫిన్ డబ్బా తెరిచి, మూతలో పులిహోర పెట్టి ఇచ్చారు. సగం తిని ఆయన లేచారు.

"రా, నీకు కాయ చూపిస్తా."

కొండ చాటున ఉన్న పక్కతోట గాలి దెబ్బ అంతగా తినలేదు. అది కిషోర్‌బాబుది, వరసకు ఆయన అన్నకొడుకు. గట్టు తగాదాతో ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆయన గట్టు దాటుతుంటే కిషోర్‌బాబు చేతిలో పని ఆపేసి నిలబడిపోయాడు.

"ఏంటి బాబాయ్, ఇట్టా వచ్చావు?"

"నాకోసం కాదురా. ఈ అమ్మాయి మాట మీద నిలబడే మనిషి. కాయ ఇయ్యి."

కిషోర్‌బాబు ఆయన వెనక నేలరాలిన తోట వైపు చూశాడు. తగాదా మాట ఎవరూ ఎత్తలేదు. అతను లోపలికి వెళ్లి కాయలు కోసే చిక్కం తెచ్చి, బాబాయ్ చేతికే ఇచ్చాడు.

"నువ్వే కొయ్యి. ఏ చెట్టు కాయ పనికొస్తదో నీకే తెలుసు."

మొదటి కాయ ఆయనే కోసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె చిన్న ముక్క కొరికి, కళ్లు చిట్లించి, బాగుందన్నట్టు తలూపారు. మర్నాడు పొద్దున బండి మా గేటు దాటింది. ఆ ఏడాది ఆవకాయలో ముక్క మెత్తబడిందన్న మాట ఎక్కడా వినలేదు.

ఆ తర్వాత మూడేళ్లకు రామకోటేశ్వరరావు గారికి మోకాళ్లు సహకరించక, తోటను కిషోర్‌బాబుకే కౌలుకిచ్చారు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పలేదు. ఇద్దరూ కలిసి ఫ్యాక్టరీకి వచ్చారు. "ఇకనుంచి వీడితో మాట్లాడుకో అమ్మాయ్," అన్నారాయన. ప్రమీలారాణి గారు టీ తెప్పించి, ఆయనకు తన కుర్చీ వేశారు. ఆయన వెళ్లిపోయాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదొక్కసారే.

ప్రమీలారాణి గారు పని మానేశాక ఇప్పుడు ఆ సీటులో నేనున్నాను. రైతులకు వందకి మార్కులు వేసే షీటు వచ్చింది. సరుకు ఏ తేదీన కోశారో, ఏ మందు కొట్టారో అన్నీ ట్యాబ్‌లో ఎక్కిస్తాం. అది కావలసిందే, కాదనను. కానీ తన పంట పనికిరాదని తనంతట తాను చెప్పిన మనిషికి ఏ గడిలో మార్కు వెయ్యాలో అందులో లేదు.

నందిగామలో ప్రమీలారాణి గారు పెరట్లో బెండ, వంగ వేసుకుని హాయిగా ఉన్నారు. కిందటి వారం వెళితే, నేను చెప్పిన కొత్త పద్ధతులన్నీ ఓపికగా విన్నారు.

"బాగుందమ్మా సింధూరా," అన్నారు చివరికి. "ఇంతకీ కిషోర్‌బాబు కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందా?"

నాకు తెలియదు. అక్కడి నుంచే అతనికి ఫోన్ చేశాను.